ఏడాదికోసారి ఒళ్లంతా పరీక్ష: ఒక నమ్మకం నడిచొచ్చిన దారి

జబ్బేమీ లేకపోయినా ఏడాదికోసారి ఒళ్లంతా పరీక్ష చేయించుకోవాలన్న మాటను ఇవాళ చదువుకున్న ఇళ్లలో ఎవరూ ప్రశ్నించరు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ ఆసుపత్రులు మాస్టర్ హెల్త్ చెకప్ పేరుతో నలభై దాటినవాళ్లకొక ప్యాకేజీ, ఆడవాళ్లకొకటి, గుండెకొకటి అమ్ముతున్నాయి. డయాగ్నస్టిక్ సెంటర్ల కుర్రాళ్లు తెల్లారేసరికి ఇంటికే వచ్చి పరగడుపు రక్తం తీసుకెళ్తున్నారు. పరీక్షల సంఖ్య ఎంత పెద్దదైతే అంత మేలన్నది ఈ ప్యాకేజీలన్నిటి వెనక ఉన్న లెక్క. ప్రభుత్వం కూడా 2012 బడ్జెట్‌లో 80డి సెక్షన్ కింద ఇలాంటి చెకప్‌కు 5,000 రూపాయల దాకా పన్ను మినహాయింపు తెచ్చింది. ఇంతగా పాతుకుపోయిన అలవాటు ఎవరి అవసరం కోసం మొదలైంది, దానివల్ల నిజంగా ప్రాణాలు నిలిచాయా అని చరిత్రను అడిగితే ఒక విషయం స్పష్టంగా బయటపడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను పరీక్షించి ప్రాణాలు కాపాడిన సందర్భాలు ఉన్నాయి, గట్టి రుజువులతోనే ఉన్నాయి. అయితే అవన్నీ ఫలానా జబ్బు, ఫలానా వయసువాళ్లు, దొరికితే ఫలానా వైద్యం అని ముందే దారి వేసుకున్న పరీక్షలు. ఏం దొరుకుతుందో చూద్దామని ఒళ్లంతా గాలించిన పరీక్షలకు వందేళ్లుగా అలాంటి రుజువు దొరకలేదు.

ఈ ఆలోచన మొదట ఒక డాక్టరుదే. 1861లో లండన్‌లో ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో పనిచేస్తున్న హోరేస్ డోబెల్, జబ్బు పైకి తేలకముందు చాలాకాలం ఒంట్లో నివురుగప్పిన నిప్పులా ఉంటుందని, బాగానే ఉన్నామనుకునేవాళ్లను కూడా అప్పుడప్పుడు పరీక్షించి చూడాలని ప్రసంగాలు చేశాడు. ఆలోచన మంచిదే, కానీ చేతిలో పనిముట్లు లేవు. ఎక్స్‌రే 1895 దాకా రాలేదు. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే పరికరాన్ని ఇటలీలో రివా రోచీ 1896లో తెచ్చాడు. మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి చప్పుళ్లను బట్టి పై అంకె, కింది అంకె చెప్పే పద్ధతి 1905లో రష్యా సైనిక వైద్యుడు కొరొత్కోవ్ చెప్పినది. ఇవి వచ్చాక కూడా వాటిని ఆరోగ్యవంతుల మీద వరసపెట్టి వాడినవాళ్లలో ముందున్నది అమెరికా జీవిత బీమా కంపెనీలు. పాలసీ తీసుకున్నవాడు తొందరగా పోతే నష్టం కంపెనీది. అందుకే మూత్రంలో చక్కెర, ఆల్బుమిన్ చూడటం, రక్తపోటు రాసుకోవడం బీమా డాక్టర్ల చేతిలోనే మామూలు పని అయింది. రక్తపోటు పెరిగేకొద్దీ ఆయుష్షు తగ్గుతుందన్న సంగతిని లక్షల పాలసీల లెక్కలతో చూపించిందీ వాళ్లే. ఈ మేలును కాదనలేం. కానీ పాలసీ ఇవ్వాలా వద్దా అని తేల్చే పరీక్ష వేరు, మనిషిని బాగుచేసే పరీక్ష వేరు. ఈ రెండూ ఒకటేనన్న భ్రమ పుట్టింది ఇక్కడే.

1913లో న్యూయార్క్‌లో లైఫ్ ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ పుట్టింది. మాజీ అధ్యక్షుడు విలియం హోవార్డ్ టాఫ్ట్ దానికి పెద్దగా ఉన్నాడు, యేల్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ దాని వెనక ఆలోచన. మెట్రోపాలిటన్ లైఫ్ కంపెనీ తన పాలసీదారులకు ఈ సంస్థలో ఉచితంగా పరీక్షలు చేయించింది. 1921లో కంపెనీ లెక్క తీసి, పరీక్షకు వచ్చినవాళ్లలో మరణాలు మామూలుగా ఉండాల్సినదానికన్నా నాలుగోవంతుకు పైగా తగ్గాయని చెప్పింది. పెట్టిన ఖర్చుకు మించిన లాభం చూపించిన ఈ లెక్క దేశమంతా పాకింది. అమెరికా వైద్య సంఘం కూడా ఒప్పుకుంది, 1923లో పుట్టినరోజునాడు పరీక్ష చేయించుకోండని పెద్ద ప్రచారం నడిచింది. ఆ లెక్కలో లోపం ఇవాళ గణాంకశాస్త్రం చదివే విద్యార్థి కూడా పట్టుకోగలడు. పరీక్షకు తనంతట తానుగా వచ్చినవాడు మొదటినుంచీ జాగ్రత్తపరుడు. అతన్ని పాలసీదారులందరి సగటుతో పోలిస్తే పరీక్ష లేకపోయినా అతనే ఎక్కువకాలం బతుకుతాడు. ఈ తేడాను సరిచేయాలంటే చీటీ తీసినట్టు సగంమందిని పరీక్షకు పిలిచి, సగంమందిని పిలవకుండా వదిలి, రెండు గుంపులనూ ఏళ్ల తరబడి గమనించాలి. ఆ పని చేయడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది. అప్పటికి నమ్మకం బాగా వేళ్లూనుకుంది.

రోగం తెలిసినంత మాత్రాన ఏమవుతుందో చెప్పడానికి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కథ చాలు. 1944 మార్చిలో గుండె వైద్యుడు హోవార్డ్ బ్రూయెన్ పరీక్షించినప్పుడు అమెరికా అధ్యక్షుడి రక్తపోటు 186/108 ఉంది. ప్రపంచంలో ఏ మనిషికీ అంతకన్నా దగ్గరగా వైద్యం అందుబాటులో లేదు. ఉప్పు తగ్గించారు, విశ్రాంతి చెప్పారు, డిజిటాలిస్ ఇచ్చారు. రక్తపోటును దించే నికరమైన మందు అప్పటికి లేదు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తనాళం చిట్లి ఆయన చనిపోయాడు. రక్తపోటును మందులతో దించితే పక్షవాతం, మరణాలు తగ్గుతాయని అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల పరిశోధన 1967లోనూ 1970లోనూ నిరూపించింది. చేతికి కట్టే పట్టీ అదే, కొలత అదే. 1944లో వ్యాధి పేరు చెప్పడానికి పనికొచ్చిన అంకె 1970 తర్వాత ప్రాణం కాపాడే అంకె అయింది.

తెలుగువాళ్లకు ఆరోగ్య పరీక్ష మొదట పరిచయమైన తీరు ఇంతకన్నా కఠినమైనది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి నాటాల్ చెరుకు తోటలకు కూలీలను తీసుకెళ్లినప్పటి నుంచి, ఒప్పంద కూలీగా వెళ్లే ప్రతి మనిషినీ డిపోలో డాక్టరు చూసి కష్టానికి పనికొస్తాడని రాసివ్వాల్సి వచ్చేది. అది తోట యజమాని కోసం చేసిన పరీక్ష. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే యువకుడి ఛాతీ ఎక్స్‌రేలో ఎప్పుడో మానిపోయిన క్షయ మచ్చ కనబడితే అన్‌ఫిట్ అని రాయడం కూడా ఆ దారిలోదే. వీసా పోతుంది, ఏజెంటుకు కట్టిన అప్పు మిగులుతుంది, ఆ మచ్చకు వైద్యం అవసరమో కాదో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. సింగరేణి కథ కొంత మెరుగు. 1955 నాటి గనుల నిబంధనల ప్రకారం కార్మికుడికి పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత ఐదేళ్లకు మించకుండానూ వైద్య పరీక్ష జరగాలి. బొగ్గుధూళి ఊపిరితిత్తుల్లో చేసిన పని అందులో బయటపడాలి. ఇది నిజంగా కార్మికుడి హక్కే. అయినా అన్‌ఫిట్ అయినవాడి వారసుడికి ఉద్యోగం అన్న ఏర్పాటు వచ్చాక, బొగ్గుబావుల ఊళ్లలో మెడికల్ బోర్డు అంటే ముందు గుర్తొచ్చేది కొలువే, ఆ తర్వాతే ఊపిరితిత్తులు. పరీక్ష అంటే పేదవాడు ఎందుకు జంకుతాడని ప్రజారోగ్య అధికారులు అడుగుతుంటారు. నూట అరవై ఏళ్లుగా పరీక్ష అతని కూడుతో ముడిపడి ఉంది, జంకడంలో వింత లేదు.

ఈ రెండు దారులకూ వేరుగా, మనిషి మేలు కోసమే ఊరంతటినీ పరీక్షించిన ప్రయత్నం మన నేల మీదే జరిగింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనరీ సంఘాలు కలిసి పెట్టిన క్షయ శానిటోరియం 1915లో తలుపులు తెరిచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని దక్షిణాదిలో పేరున్న ఆసుపత్రిగా నిలబెట్టాడు. అప్పటి వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, కొందరికి ఊపిరితిత్తిని అణచి ఉంచే శస్త్రచికిత్స. మంచాలు వందల్లో, రోగులు లక్షల్లో. అందులోనూ వచ్చేవాళ్లు ముదిరాకే వచ్చేవాళ్లు. ముందే పట్టుకుంటే ఎలా ఉంటుందన్న ప్రశ్న ఆ వార్డుల్లోంచే పుట్టింది. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి క్రిస్టియన్ కొడుకు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో పట్నాన్నీ చుట్టుపక్కల పల్లెలనూ గడపగడపా జాబితా రాసి, టుబర్క్యులిన్ సూది, ఛాతీ ఎక్స్‌రేలతో ఏళ్లపాటు వెంబడించి చూశారు. ఆ పరిశోధన వందకు పైగా పేజీల నివేదికగా 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. క్షయ ఒక ఊళ్లో ఎలా పుట్టి, ఎలా పాకి, ఎవరిలో మిగులుతుందో ఇంత దగ్గరగా చూసిన అధ్యయనాలు అప్పటికి లోకంలోనే తక్కువ.

జనం మొత్తానికి ఎక్స్‌రే తీయడం ఎలా సాధ్యమైందో కొంచెం చెప్పుకోవాలి. మామూలు ఎక్స్‌రేకు మనిషి ఛాతీ అంత ఫిల్ము కావాలి, దాని ఖరీదు ఏ పంచాయతీ భరించలేదు. 1936లో బ్రెజిల్‌లో మానుయెల్ దె అబ్రెయు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎక్స్‌రే కిరణాలు ఛాతీ గుండా వెళ్లి మెరిసే తెర మీద పడతాయి, ఆ తెర మీది బొమ్మను మామూలు కెమెరాతో చిన్న ఫిల్ము మీదికి ఫోటో తీస్తారు. ఆ తర్వాత ప్రపంచమంతా వాడిన ఫిల్ము వెడల్పు 70 మిల్లీమీటర్లు, 35 మిల్లీమీటర్లు. యంత్రం వ్యానులో పడుతుంది, జనరేటరు వెంట వస్తుంది. చొక్కా విప్పి, గడ్డం తెర అంచున ఆనించి, భుజాలు ముందుకు తోసి, ఊపిరి బిగబట్టిన క్షణంలో బొమ్మ పడుతుంది, వెంటనే తర్వాతి మనిషి వస్తాడు. చీకటిగదిలో కడిగిన రీళ్లను డాక్టర్లు భూతద్దంతో చదువుతారు. అనుమానం తగిలినవాళ్లకు పెద్ద ఎక్స్‌రే, కళ్లె పరీక్ష. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం 1957లో ఈ పద్ధతితోనే ఐదు వారాల్లో 7 లక్షల మందికి పైగా ఎక్స్‌రే తీసింది. అక్కడ దొరికిన ప్రతి రోగికీ స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్ మందులు, వార్డులో మంచం సిద్ధంగా ఉన్నాయి. గ్లాస్గోలో ఈ పని ఫలించడానికి కారణం అదే.

భారతదేశంలో 1955 నుంచి 1958 దాకా జరిగిన క్షయ సర్వేకు ఎంచుకున్న ఆరు కేంద్రాల్లో హైదరాబాదు, మదనపల్లె రెండూ ఉన్నాయి. పట్నాల జబ్బు అనుకున్న క్షయ పల్లెల్లోనూ దాదాపు అంతే ఉందని ఆ సర్వే తేల్చింది. అంటే రోగుల్లో ఎక్కువమంది పల్లెల్లోనే ఉన్నట్టు. ఇక ఎక్స్‌రే వ్యాన్లు ప్రతి పల్లెకూ పంపడమే దారి అనిపించిన సమయంలో రెండు సంగతులు మొత్తం లెక్కను తిరగేశాయి. మొదటిది మద్రాసులో: ఇంట్లో ఉండి మందులు మింగిన రోగులు శానిటోరియంలో ఉన్నవాళ్లంత బాగానే కోలుకుంటారని అక్కడి కీమోథెరపీ కేంద్రం 1959లో చూపించింది. రెండోది బెంగళూరులో. అక్కడి జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ కలిసి తుమకూరు జిల్లా పల్లెల్లో సర్వేలో పట్టుబడిన రోగుల దగ్గరికి వెళ్లి రెండు చిన్న ప్రశ్నలు అడిగారు: మీకు ఒంట్లో బాగాలేదని ముందే తెలుసా? ఎక్కడికైనా వెళ్లారా? కళ్లెలో క్రిములున్నవాళ్లలో అత్యధికులకు దగ్గు, జ్వరం తెలుసు. సగానికి పైగా మంది అప్పటికే ఏదో ఒక ఆసుపత్రి గడప తొక్కారు. అక్కడ వాళ్ల చేతిలో దగ్గు మందు సీసా పెట్టి పంపేశారు.

1963లో అచ్చయిన ఆ వ్యాసం నా దృష్టిలో భారత ప్రజారోగ్య చరిత్రలో చాలా ముఖ్యమైన కాగితాల్లో ఒకటి. జనం అజ్ఞానులు, జబ్బు దాచుకుంటారు, వాళ్ల ఇళ్లకు వెళ్లి వెతికి పట్టుకోవాలన్న అధికారుల ఊహను అది పటాపంచలు చేసింది. రోగి తన పని తాను చేశాడు. డాక్టరే కళ్లె పరీక్ష రాయలేదు. అందుకే జిల్లా క్షయ కార్యక్రమం వ్యాన్ల మీద కన్నా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మైక్రోస్కోపు మీద, ఇంటికిచ్చే మందుల మీద నిలబడింది. 1974లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం కూడా విచక్షణ లేకుండా జనమందరికీ ఎక్స్‌రేలు తీసే పద్ధతిని మానుకోమంది. ఈలోగా 1968లో అదే సంస్థ కోసం బ్రిటన్ ఆరోగ్యశాఖకు చెందిన విల్సన్, స్వీడన్ రసాయన పరీక్షల నిపుణుడు యుంగ్నర్ ఒక చిన్న పుస్తకం రాశారు. ఆరోగ్యవంతులను పరీక్షించడానికి ముందు అడగాల్సిన పది ప్రశ్నలు అందులో ఉన్నాయి. జబ్బు ముఖ్యమైనదేనా, ముదరకముందు గుర్తించే దశ ఉందా, ఒప్పుకున్న వైద్యం ఉందా, ఆ వైద్యం అందించే ఏర్పాటు చేతిలో ఉందా, ఒకసారి చేసి వదిలేయకుండా కొనసాగించగలమా అన్నవి వాటిలో కొన్ని. ఇవాళ్టి ప్యాకేజీల్లో చాలా పరీక్షలు ఆ పది ప్రశ్నల్లో సగానికి కూడా నిలబడవు.

ఒళ్లంతా పరీక్షను నిజంగా తూచి చూసిన ప్రయోగాలు కూడా 1960లలోనే మొదలయ్యాయి. కాలిఫోర్నియాలో కైసర్ అనే వైద్య సంస్థ 1951లోనే ఓడరేవు కార్మికులకు ఒకే చోట వరసగా పలు పరీక్షలు చేసే పద్ధతి పెట్టింది. 1964లో అదే సంస్థ 35 నుంచి 54 ఏళ్ల వయసున్న పదివేలమందిని రెండుగా విడదీసి, ఒక గుంపును ఏటా చెకప్‌కు రమ్మని వెంటపడి పిలిచింది. 16 ఏళ్ల తర్వాత చూస్తే పెద్దపేగు క్యాన్సర్, రక్తపోటు వంటి కొన్ని జబ్బుల మరణాలు తగ్గాయి, మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆగ్నేయ లండన్‌లో 1967లో మొదలైన ప్రయోగంలో 7,000 మంది మీద తొమ్మిదేళ్లకు వచ్చిన ఫలితం కూడా అలాంటిదే. 1979లో కెనడా ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం ఏటా మామూలుగా చేసే చెకప్‌ను వదిలిపెట్టి, వయసును బట్టి ఎంచిన పరీక్షలు చేయమని చెప్పింది. 2012లో వైద్య ప్రయోగాలను కలిపి తూచి చూసే కాక్రేన్ సంస్థ కోసం డెన్మార్క్ పరిశోధకులు 14 ప్రయోగాలను, 1,82,880 మంది లెక్కలను ఒకచోట చేర్చి చూశారు. చెకప్‌కు పిలిచిన గుంపులోనూ పిలవని గుంపులోనూ మరణాలు సమానంగానే ఉన్నాయి.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఆ ప్రయోగాలు చాలావరకు పాతవి, పైగా ప్రతి ఇంటికీ ఒక డాక్టరు తెలిసిన ధనిక దేశాలవి. అక్కడ చెకప్‌కు పిలవనివాళ్లకు కూడా ఏదో పనిమీద వెళ్లినప్పుడు డాక్టరు రక్తపోటు చూస్తాడు. మన దగ్గర 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి 2023లో చెప్పింది, వాళ్లలో ఎందరికో ఆ సంగతే తెలియదు. అలాంటి చోట చెకప్ దండగ అనడం అన్యాయం కాదా? ఈ అభ్యంతరంలో బలం ఉంది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ అది దేన్ని సమర్థిస్తుందో జాగ్రత్తగా చూడాలి. ముప్పై దాటిన ప్రతి మనిషికీ రక్తపోటు, రక్తంలో చక్కెర చూడటాన్ని సమర్థిస్తుంది. ఆ రెంటికీ చవక మందులున్నాయి, ఆ మందులు ప్రాణాలు నిలుపుతాయనడానికి రుజువులున్నాయి. కండరాల ఎంజైములు, విటమిన్లు, క్యాన్సర్ మార్కర్లు, కడుపు స్కానింగు కలిపి కట్టిన మూటను ఇది సమర్థించదు. పైగా ఆ మూట కొనగలవాడు సాధారణంగా తన షుగరు సంగతి ముందే తెలిసినవాడు. తెలియనివాడు కొనలేడు.

ఎక్కువ పరీక్షలు చేస్తే నష్టమేముంది, డబ్బే కదా అని అడిగేవాళ్లు ఉంటారు. నష్టం లెక్కలోనే దాగి ఉంది. ల్యాబ్ రిపోర్టులో పక్కన రాసే నార్మల్ హద్దులు చాలావాటికి ఎలా గీస్తారంటే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 95 శాతం మంది లోపల పడేట్టు గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో పరీక్షలో ఇరవైలో ఒకవంతు హద్దు దాటే అవకాశం ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే అన్నీ నార్మల్ వచ్చే అవకాశం 36 శాతమే. మిగతా 64 శాతం మంది ఆరోగ్యవంతులు నక్షత్రం గుర్తున్న కాగితం పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరికి, ఇంకో స్కానింగుకు వెళ్తారు. మరి స్కానింగులో ముందే క్యాన్సర్ దొరికి బతికినవాళ్ల మాటేమిటి? దక్షిణ కొరియా దీనికి బాధాకరమైన జవాబిచ్చింది. 1999లో ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టినప్పుడు, ఆసుపత్రులు కొంచెం అదనపు రుసుముకు మెడ అల్ట్రాసౌండ్ కూడా జోడించాయి. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ 1993తో పోలిస్తే 15 రెట్లు నమోదైంది, ఆ ఒక్క ఏడాదే 40,000 మందికి పైగా పేరు రాశారు. దానివల్ల చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం మారలేదు. ప్రాణం తీయని గడ్డలకు గొంతు కోయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నవాళ్లందరూ తమను పరీక్షే బతికించిందని నమ్ముతారు. అలాంటివాళ్ల సాక్ష్యం మనసును కదిలిస్తుంది, కానీ పరీక్ష విలువను తేల్చదు.

తేల్చిన ప్రయోగం ఒకటి మనకు దగ్గర్లోనే జరిగింది. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దుకు అంత దూరంలో లేని అప్పటి ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో, బార్షీ క్యాన్సర్ ఆసుపత్రి కేంద్రంగా, 1999లో 30 నుంచి 59 ఏళ్ల మధ్య 1,31,746 మంది స్త్రీలను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు గర్భాశయ ముఖద్వారంలో హెచ్‌పీవీ వైరస్ పరీక్ష, ఇంకోదానికి పాప్ స్మియర్, మూడోదానికి ఎసిటిక్ ఆమ్ల పరీక్ష; నాలుగోదానికి మామూలుగా అందే వైద్యం. ఒక్కసారి, జీవితంలో ఒకే ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ పరీక్షతో ఎనిమిదేళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గాయి: నాలుగో గుంపులో 64 మంది పోతే, హెచ్‌పీవీ గుంపులో 34 మంది. 1998లో ముంబై మురికివాడల్లో మొదలైన మరో ప్రయోగంలో పదో తరగతి చదివిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి, ఎసిటిక్ ఆమ్లంలో ముంచిన దూదిని ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి చూడటం నేర్పారు. మారిన కణాలున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. ల్యాబ్ అక్కర్లేదు, మంచి దీపం, శిక్షణ ఉన్న కన్ను చాలు. రెండేళ్లకోసారి నాలుగు విడతలు అలా చూసినందుకే మరణాలు 31 శాతం తగ్గాయి. తిరువనంతపురం జిల్లాలో నోరు తెరిపించి చూసిన ప్రయోగంలో కూడా పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. ఈ ప్రయోగాల మీద నాకొక బాధ ఉంది. పరీక్ష పనిచేస్తుందని లోకానికి పాతికేళ్లుగా తెలిసిన జబ్బుకు వేలమంది పేద స్త్రీలను పరీక్ష లేని గుంపులో ఉంచి లెక్కపెట్టారు. అది తప్పని చాలామంది వైద్యులు రాశారు, వాళ్ల మాటే సరైనదని నేననుకుంటాను. అంత ధర చెల్లించి తెచ్చుకున్న జ్ఞానాన్ని వాడకుండా పక్కన పెట్టడం అంతకన్నా పెద్ద తప్పు.

వాడుతున్నామా? 2010లో ఇలాంటి జబ్బుల మీద ఒక జాతీయ కార్యక్రమం, ఆ తర్వాత ముప్పై దాటిన అందరికీ రక్తపోటు, మధుమేహం, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు కాగితం మీదికి వచ్చాయి. ఎంచుకున్న ఐదూ సరైనవే, ఏ ప్రైవేటు ప్యాకేజీ కన్నా మెరుగైన జాబితా ఇది. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు దేశంలో 2 శాతం కూడా లేరు. దీనికి భిన్నంగా 2018 ఆగస్టులో తెలంగాణ మొదలుపెట్టిన కంటి వెలుగు మొదటి విడతలోనే కోటిన్నర మంది కళ్లు చూసింది. జనం అంతగా తరలి రావడానికి కారణం చెప్పడం కష్టమేమీ కాదు: చత్వారం ఉన్నవాళ్లకు రీడింగ్ గ్లాసులు అక్కడికక్కడే చేతిలో పెట్టారు. శ్రీకాకుళం ఉద్దానంలో క్రియాటినిన్ పరీక్షలు చేసిన తీరు ఇంకో రకం. అక్కడ మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో తేలలేదు, వెనక్కి తిప్పే మందు లేదు. అయినా పరీక్షలు అవసరమే, డయాలసిస్ ఎక్కడ పెట్టాలో, కారణాన్ని ఎక్కడ వెతకాలో చెప్పడానికి. అయితే పరీక్షించేవాళ్లు ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

బెంగళూరు పాఠం కూడా రాతి మీద గీత కాదని ఈమధ్య క్షయే చూపించింది. 2019-21లో జరిగిన జాతీయ క్షయ సర్వేలో లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఎక్కడికీ వెళ్లలేదు. ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు మాత్రమే అడిగి ఉంటే 42.6 శాతం కేసులు తప్పిపోయేవి. వియత్నాంలోని కా మౌ ప్రాంతంలో ఊరందరినీ మూడేళ్లపాటు ఏటా కళ్లె పరీక్ష చేస్తే క్షయ 44 శాతం తగ్గింది. కాబట్టి చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు మళ్లీ పల్లెలకు వెళ్లడాన్ని నేను తప్పుపట్టను, 1950లో లేని ఆరునెలల మందుల కోర్సు ఇప్పుడు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరుకుతుంది కనుక. గర్భాశయ ముఖద్వార పరీక్ష దగ్గర మాత్రం ఆ మాట అనలేం. ఆశా కార్యకర్త నచ్చజెప్పి తీసుకొచ్చిన స్త్రీకి ఉపకేంద్రంలో తెల్ల మచ్చ కనబడితే, తర్వాత కావలసిన కాల్పోస్కోపీకి, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్షకు, ఆమె ఎక్కువగా జిల్లా ఆసుపత్రికో మెడికల్ కాలేజీకో పోవాలి. అంటే ఒకరోజు కూలి, బస్సు ఖర్చు, వెంట రావడానికి ఇంకో మనిషి. ఆ మచ్చను వేడితో మాడ్చేసే చిన్న యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది, పనికి కొన్ని నిమిషాలు చాలు, మత్తు ఇవ్వక్కర్లేదు. దాన్ని మండల కేంద్రం దాకా తెచ్చి, పరీక్ష చేసినరోజే వాడేట్టు నర్సులకు శిక్షణ ఇవ్వడమే ఇప్పుడు మన రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖల ముందున్న పని.